నాలుగు గోడల జీవితం, బయటి లోకం: గంజాం, గజపతి జిల్లాల తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురానికి ఒకవైపు సముద్రం, మరోవైపు కొండలు ఉన్నాయి. ఇలాంటి చోట ఉంటూ ప్రకృతికి దూరమయ్యామనడం అతిశయోక్తి కాదా?

దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే అతిశయోక్తే. గోపాల్‌పూర్ తీరం బరంపురానికి అరగంట ప్రయాణం. చిలికా సరస్సు దక్షిణపు అంచు రంభ దగ్గర ఈ జిల్లాలోకే వస్తుంది. పర్లాకిమిడి వాసులకు మహేంద్రతనయ నది ఊరి పక్కనే ఉంది, 1,501 మీటర్ల మహేంద్రగిరి సొంత జిల్లాలోనే ఉంది. అస్కా వైపు వెళితే భేట్నయి, బలిపదర్ గ్రామాల పొలాల్లో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. అవి తిరిగిన చోట వానలు బాగా పడతాయన్న నమ్మకంతో అక్కడి రైతులు పంట నష్టాన్ని భరిస్తూ కూడా తరతరాలుగా వాటిని కాపాడుకుంటున్నారు.

ఇన్ని ఉన్నప్పటికీ, నిన్న మీ ఒంటికి ఎండ తగిలింది ఎంతసేపు, చెప్పుల్లేని కాలు మట్టిని తాకింది ఎప్పుడు అని అడిగితే చాలామంది ఆలోచనలో పడతారు. ఋషికుల్య తీరానికి తాబేళ్లు వచ్చాయన్న వార్త ఫోనులో చూసిన పిల్లవాడికి ఇంటి ముందరి కానుగ ఏ నెలలో పూస్తుందో తెలియదు. ఇక్కడ చర్చిస్తున్నది ఆ రోజువారీ దూరం గురించే. దానికి సముద్రం పదిహేను కిలోమీటర్లలో ఉన్నా, ఐదు వందల కిలోమీటర్లలో ఉన్నా పెద్ద తేడా ఉండదు.

మనిషి రోజులో ఎంత భాగం లోపలే గడుపుతున్నాడు?

ఈ విషయంలో ఎక్కువగా ఉదహరించే లెక్క అమెరికాది. అక్కడ 1990ల తొలినాళ్లలో తొమ్మిది వేల మందికి పైగా ప్రజలను అడిగి చేసిన సర్వేలో, వారు తమ సమయంలో 87 శాతం భవనాల్లోను, మరో 6 శాతం వాహనాల్లోను గడుపుతున్నట్టు తేలింది. ఆ అంకెను మన జిల్లాలకు అంటగట్టడం సరికాదు. చికిటిలో వరి నాట్లు వేసే మనిషికీ, బరంపురంలో బ్యాంకు ఉద్యోగికీ ఒకే లెక్క కుదరదు. మీ ఇంటి లెక్క మీరే వేసుకోవడం మేలు. ఇంట్లో ప్రతి ఒక్కరూ ఒక మామూలు పనిరోజున ఆకాశం కింద గడిపిన నిమిషాలను కాగితం మీద రాయాలి. బండి మీద వెళ్లిన సమయాన్ని విడిగా రాయాలి, డాబా మీద బట్టలు ఆరవేసిన సమయాన్ని కలుపుకోవాలి. చాలా ఇళ్లలో ఆ కాగితం మీద అందరికంటే ఎక్కువ నిమిషాలు ఇంటి పనిమనిషివే ఉంటాయి.

మా తాతల కాలంలో ఈ సమస్య లేదు కదా. అసలు ఏం మారింది?

ముఖ్యంగా మారింది ఇల్లు. గోడకు గోడ ఆనించి వరుసగా కట్టిన పాత వీధుల ఇళ్లు ముందు నుంచి వెనక వరకు పొడవుగా ఉండేవి. వీధి వైపు అరుగు, మధ్యలో వెలుగు పడే చిన్న ఖాళీ, వెనుక పెరడు, అందులో నుయ్యి, దాని పక్కన అరటి, కరివేపాకు, ములగ. నీళ్లు తోడాలన్నా, స్నానం చేయాలన్నా, వడియాలు ఎండబెట్టాలన్నా, పొరుగువారితో నాలుగు మాటలు మాట్లాడాలన్నా గడప దాటక తప్పేది కాదు. నేత వీధుల్లో మగ్గం ఇంటి లోపలే ఉన్నా, పడుగు సాచి సరిచేయడానికి వీధి కావలసి వచ్చేది. పొద్దున్నే వీధి పొడవునా దారాలు సాచి ఉంటే పిల్లలు వాటి కింద నుంచి దూరి బడికి పోయేవారు. ప్రకృతి మీద ప్రేమతో ఎవరూ బయటికి రాలేదు, పని ఉండి వచ్చారు.

తరువాత ఆ పనులన్నీ ఒకదాని వెనుక ఒకటి లోపలికి వచ్చాయి. కుళాయి వంటింట్లోకి వచ్చింది, మరుగుదొడ్డి పడకగదిని ఆనుకుంది, బట్టల యంత్రం బాల్కనీలో స్థిరపడింది. అరుగు ఉన్న చోట షట్టరు దుకాణమో, బండి నిలిపే స్థలమో వెలిసింది. పెరటి మీద ఇంకొక వాటా లేచింది. ఇందులో తప్పుపట్టవలసినది చాలా తక్కువ. నూతి నుంచి రోజూ నీళ్లు తోడిన ఆడవారిని అడిగితే కుళాయి రావడం వరమనే అంటారు, అది నిజం. అయితే ఆ సౌకర్యాలతో పాటు బయటికి రావలసిన కారణాలు కూడా పోయాయి, వాటి స్థానంలో కొత్తవి రాలేదు. పూర్వం అవసరం తెచ్చిపెట్టిన దానిని ఇప్పుడు మనం కావాలని ఏర్పాటు చేసుకోవలసి వస్తోంది.

చల్లగదుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఇళ్లలో వాడే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు, గదిలో ఉన్న గాలినే చల్లబరచి తిప్పుతుంది. తలుపులు, కిటికీలు బిగించిన గదిలో నలుగురు పడుకుంటే తెల్లవారేసరికి వారు విడిచిన బొగ్గుపులుసు వాయువు పేరుకుని గాలి బరువెక్కుతుంది. పొద్దున్నే ఎదురెదురు కిటికీలు పావుగంట తెరిచి ఉంచితే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

పిల్లలు ఇంట్లో ఉంటే కళ్లజోడు వస్తుందంటారు. ఇది ఫోను వల్లనా, బయట ఆడకపోవడం వల్లనా?

రెండింటి పాత్రా ఉంది. కానీ రెండవ దానిని మనం తక్కువగా అంచనా వేస్తున్నాం. దూరపు వస్తువులు మసకగా కనిపించే హ్రస్వదృష్టి, కనుగుడ్డు పొడవు పెరగవలసిన దానికంటే ఎక్కువగా పెరగడం వల్ల వస్తుంది. ఆ పెరుగుదలకు పగ్గం వేసే శక్తి బయటి వెలుతురుకు ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. ప్రకాశవంతమైన వెలుతురు పడినప్పుడు కంటిపొర డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుందని, అది కనుగుడ్డు పెరుగుదలను అదుపులో ఉంచుతుందని ఎక్కువమంది శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

వెలుతురులో తేడా ఎంతో తెలిస్తే ఈ మాట నమ్మడం తేలిక. వెలుతురును లక్స్ అనే ప్రమాణంలో కొలుస్తారు. బాగా దీపాలు వెలిగే తరగతి గదిలో అది సుమారు 300 నుంచి 500 లక్స్ ఉంటుంది. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట అది పది వేల దాకా పోతుంది, నడి ఎండలో లక్షకు చేరుతుంది. మన కన్ను తనను తాను సర్దుకుంటుంది కాబట్టి ఇంట్లో చీకటిగా ఉందని మనకు అనిపించదు.

చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో పన్నెండు బడుల్లో ఒకటో తరగతి పిల్లల మీద మూడేళ్లు ఒక ప్రయోగం జరిగింది. సగం బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపించారు. 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆ బడుల్లో 30.4 శాతం పిల్లలకు కొత్తగా హ్రస్వదృష్టి వస్తే, మిగిలిన బడుల్లో 39.5 శాతానికి వచ్చింది. తైవాన్ ప్రభుత్వం 2010 నుంచి బడిపిల్లలు రోజుకు రెండు గంటలు బయట ఉండేలా ప్రోత్సహించింది. అక్కడ 2011లో సగం మందికి చేరిన చూపు లోపం 2015 నాటికి 46.1 శాతానికి దిగింది. దశాబ్దాలుగా పైకే పోతున్న గీత కిందికి తిరగడమే అక్కడ విశేషం.

బయట చేసేది ఆటే కానక్కరలేదు. చెట్టు నీడన కూర్చున్నా వెలుతురు చాలినంత అందుతుంది. అయితే ఇది ప్రధానంగా జబ్బు రాకుండా చూసే ఉపాయం. ఇప్పటికే వచ్చిన కళ్లజోడును ఇది తీసివేయదు. బరంపురంలో సాయంత్రం ట్యూషన్లు సరిగ్గా వెలుతురు ఉన్న గంటలోనే పెడతారు. పదేళ్లలోపు పిల్లల విషయంలో ఆ ఒక్క గంటను చీకటి పడిన తరువాతి సమయానికి మార్చమని మాస్టారిని అడగడం ఏ ఖరీదైన కళ్లద్దాలకన్నా మంచి పెట్టుబడి అని నా అభిప్రాయం.

ఇక మరీ చిన్నపిల్లల విషయానికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్లలోపు వారికి తెర ముందు కూర్చోవడం తగదు. రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. అన్నం తినిపించడానికి ఫోను చేతికిచ్చే అలవాటు ఈ లెక్కను మొదటి ముద్దకే దాటిస్తుంది.

కిటికీ పక్కన కూర్చుంటే ఎండ తగులుతోంది కదా. విటమిన్ డి కి అది సరిపోదా?

కిటికీకి అద్దం ఉంటే సరిపోదు. చర్మంలో విటమిన్ డి తయారుకావడానికి సూర్యకాంతిలోని యువి-బి కిరణాలు కావాలి, మామూలు కిటికీ అద్దం వాటిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అద్దం వెనుక వెచ్చదనం దక్కుతుంది, విటమిన్ దక్కదు. ఉదయం ఏడింటి ఎండలో కూడా ఆ కిరణాలు చాలా తక్కువ. పొద్దు బాగా పైకెక్కాకే అవి నేల మీదికి చేరతాయి. చామనఛాయ, నల్లని చర్మం ఉన్నవారికి మరికొంత ఎక్కువసేపు పడుతుంది. చలికాలంలో పదకొండు గంటల వేళ చేతులు, కాళ్లు కప్పుకోకుండా పావుగంట, ఇరవై నిమిషాలు డాబా మీద గడపడం మన ప్రాంతంలో ఎవరికైనా సాధ్యమే. వేసవిలో అంతకన్నా తక్కువ చాలు.

ఎముకల నొప్పులు, విపరీతమైన నీరసం ఉంటే రక్తపరీక్ష చేయించుకోవాలి. దుకాణంలో అడిగి మాత్రలు తెచ్చుకుని నెలల తరబడి మింగడం మాత్రం మంచిది కాదు. విటమిన్ డి మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు హాని జరుగుతుంది.

రాత్రి నిద్ర పట్టకపోవడానికీ, పగలు ఇంట్లో ఉండడానికీ సంబంధం ఉందా?

ఉంది. ఒంట్లోని గడియారం పగలు ఎప్పుడో, రాత్రి ఎప్పుడో ప్రధానంగా కంటిలో పడే వెలుతురును బట్టి తెలుసుకుంటుంది. పగలంతా మసక వెలుతురులోను, రాత్రంతా ట్యూబులైటు, ఫోను వెలుగులోను గడిపే మనిషికి ఆ రెండింటి మధ్య తేడా చెరిగిపోయి, నిద్రను పిలిచే మెలటోనిన్ ఆలస్యంగా విడుదలవుతుంది. నిద్ర లేచిన గంటలోపు అరగంట బయట నడవడం, పడుకునే ముందు గంటసేపు దీపాలు తగ్గించడం, ఈ రెండూ కలిపి రెండు వారాలు చేసి చూడాలి. రాత్రి షిఫ్టులు చేసేవారికి ఇది వర్తించదు, వారు వైద్యుని అడగడం మంచిది.

'ప్రకృతి లోపం' అనే జబ్బు నిజంగా ఉందా?

వైద్యశాస్త్రం గుర్తించిన జబ్బు కాదు. రిచర్డ్ లూవ్ అనే అమెరికా రచయిత 2005లో పిల్లల గురించి రాస్తూ వాడిన మాట అది, వాడుకలోకి వచ్చింది. ఆ పేరుతో ఎవరైనా చికిత్స, శిబిరం, పొడి, నూనె అమ్మితే డబ్బు జేబులోనే ఉంచుకోవడం మంచిది.

చెట్లను చూసినంత మాత్రాన ఆరోగ్యం బాగుపడుతుందనడానికి ఆధారం ఏమైనా ఉందా?

కొంత ఉంది. దానిని ఉన్నంత మేరకే చెప్పుకోవాలి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం శస్త్రచికిత్స అయిన 46 మంది రికార్డులను రోజర్ ఉల్రిచ్ పరిశీలించి 1984లో ఫలితాలు ప్రకటించాడు. కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్నవారు, ఇటుక గోడ కనిపించే గదుల్లో ఉన్నవారికన్నా కొంచెం ముందుగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. మంది తక్కువే అయినా, ఆసుపత్రులు కట్టే తీరు మీద ఆ అధ్యయనం ప్రభావం పెద్దది. మరొకటి ఇంగ్లండులో సుమారు ఇరవై వేల మంది మీద జరిగింది. వారానికి రెండు గంటలు లేదా అంతకు మించి పార్కుల్లో, పొలాల్లో, తీరాల్లో గడిపినవారు తమ ఆరోగ్యం, మనస్థితి బాగున్నాయని చెప్పే అవకాశం ఎక్కువని 2019లో తేల్చారు. ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువగా బయటికి వెళ్తారేమోనన్న సందేహం ఇందులో ఎలాగూ ఉంటుంది.

అయితే ఆదివారం గోపాల్‌పూర్ వెళ్లి రెండు గంటలు కూర్చుంటే వారం కోటా పూర్తయినట్టేనా?

పైన చెప్పిన ఇంగ్లండు అధ్యయనం ప్రకారం ఆ రెండు గంటలు ఒకేసారి గడిపినా, విడివిడిగా గడిపినా తేడా కనిపించలేదు కాబట్టి మనస్సు మట్టుకు అవుననే చెప్పాలి. కానీ కంటికి, నిద్రకు అది చాలదు, ఆ రెండూ రోజువారీ లెక్కలు. ఇంకొక విషయం కూడా ఉంది. ఆదివారం సాయంత్రం గోపాల్‌పూర్ తీరంలో నిలబడి గమనించండి. వచ్చినవారిలో చాలామంది సముద్రానికి వీపు పెట్టి ఫోటో దిగి, బజ్జీలు తిని, మళ్లీ కారెక్కుతారు. అది వినోదం, దానిని కాదనలేం. అయితే తీరంలో పరుగెత్తే ఎర్ర పీత తన బొరియ నోటి దగ్గర ఇసుకను చిన్న ఉండలుగా చేసి ఎలా పేరుస్తుందో చూడాలంటే మాత్రం అక్కడే పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. మనిషి కదిలితే అది లోపలికి పోతుంది.

ఏప్రిల్, మే నెలల్లో బయటికి వెళ్లమనడం ప్రమాదం కాదా?

ప్రమాదమే. 1998 వేసవిలో ఒడిశాలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. వడగాలుల హెచ్చరికలు, వేసవి ఉదయపు బడులు మొదలైనవి ఆ అనుభవం తరువాత గట్టిపడినవే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. వేసవిలో పదకొండు నుంచి నాలుగింటి వరకు లోపల ఉండడమే తెలివి. తెల్లవారి ఐదున్నర నుంచి ఏడున్నర వరకు, సాయంత్రం పొద్దు వాలాక ఉన్న సమయం ఎవరికైనా చాలు. తీరప్రాంతంలో ఉక్క ఎక్కువ కాబట్టి చెమట ఆరదు. థర్మామీటరు 36 డిగ్రీలు చూపినా ఒంటికి అంతకన్నా ఎక్కువ శ్రమ అవుతుంది. చద్దన్నం, మజ్జిగ, ఉప్పు వేసిన గంజి ఈ కాలానికి ఇక్కడి ఇళ్లన్నీ ఎరిగిన మందులే.

పాములు, దోమలు, పిడుగుల భయంతో పిల్లలను పంపడం లేదు. ఆ భయం అర్థంలేనిదా?

అర్థంలేనిది కాదు. కానీ ప్రతి భయానికీ దాని వేళ, దాని చోటు ఉంటాయి. కట్లపాము ఎక్కువగా రాత్రి వేళ ఇళ్లలోకి వచ్చి నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది. కాబట్టి పగలు మైదానంలో ఆడే పిల్లవాడికన్నా చాప మీద నిద్రించే పిల్లవాడికే దాని ముప్పు ఎక్కువ. మంచం, పరుపు కిందికి దోపిన దోమతెర, ఈ రెండూ పెద్ద రక్షణ. కాటు పడితే కట్లు బిగించడం, కోయడం, మంత్రాల కోసం తిరగడం మానేసి, ఆ అవయవాన్ని కదలనివ్వకుండా 108కి ఫోను చేసి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. విషానికి విరుగుడు మందు అక్కడ ఉంటుంది.

డెంగీ దోమ పగలు కుడుతుంది. అది పుట్టేది అడవిలో కాదు, మన డాబా మీద మూత లేని నీళ్ల తొట్టిలో, పాత టైర్లలో, కూలరులో. పిల్లలను లోపల ఉంచి దాని నుంచి కాపాడలేం.

పిడుగుల విషయంలో మాత్రం భయపడి తీరాలి. ఒడిశాలో ప్రతి ఏటా పిడుగులకు చనిపోయేవారు చాలా ఎక్కువ. ఉరుము వినిపించిందంటే చెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకి వెళ్లాలి. చివరి ఉరుము తరువాత అరగంట ఆగి బయటికి రావాలి. దామిని అనే ఆప్ దగ్గరలో పడబోయే పిడుగుల గురించి తెలుపుతుంది. ఫోను వల్ల బయటి జీవితానికి జరిగే మేలు ఇలాంటి చోటే కనిపిస్తుంది.

కొండల్లోని సవర గ్రామాల వారు ప్రకృతిలోనే ఉంటారు కదా. వారు మనకంటే ఆరోగ్యంగా ఉన్నట్టేనా?

గజపతి, రాయగడ కొండల జీవితాన్ని పట్నం నుంచి చూసి మెచ్చుకోవడం సులభం. అక్కడి పిల్లలకు ఆకు, కాయ, దుంప తెలిసినంతగా మన పిల్లలకు తెలియవు, ఎండకు, నడకకు లోటు లేదు. అదే సమయంలో దక్షిణ ఒడిశా కొండ గ్రామాలను మలేరియా దశాబ్దాల పాటు పీడించింది. రాష్ట్ర ప్రభుత్వం 2017లో దమన్ పేరుతో మారుమూల పల్లెలకు వెళ్లి, జ్వరం లేనివారికి కూడా పరీక్షలు చేసి, మందులు, దోమతెరలు ఇవ్వడం మొదలుపెట్టిన తరువాత కేసులు బాగా తగ్గాయి. కట్టెల పొయ్యి పొగ మరొక సంగతి. గాలి ఆడని ఇంట్లో పొయ్యి దగ్గర గంటల తరబడి కూర్చునే తల్లికి ఇంటి చుట్టూ ఉన్న అడవి ఏ రక్షణా ఇవ్వదు. నీళ్ల కోసం కొండ దిగి ఎక్కేవారి నడకను, మన ఉదయపు నడకతో పోల్చకూడదు.

మాకు అపార్టుమెంటు తప్ప నేల లేదు. ఇంట్లో కుండీలు పెట్టుకుంటే గాలి శుభ్రపడుతుందా?

కుండీలు పెట్టుకోండి, కానీ గాలి కోసం కాదు. 1989లో నాసా మూసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగం ఆధారంగా ఈ ప్రచారం మొదలైంది. ఇల్లు మూసిన పెట్టె కాదు. అలాంటి ప్రయోగాలన్నిటినీ 2019లో సమీక్షించినవారు, మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కల దాకా కావాలని లెక్క కట్టారు. అమ్మకందారులు ఈ మాట చెప్పరు. కిటికీ తెరవడానికి డబ్బు ఖర్చు కాదు.

కుండీ వల్ల వచ్చే లాభం వేరు. రోజూ నీళ్లు పోసే మనిషి రోజూ ఒకసారి బాల్కనీలోకి వస్తాడు, మట్టిని ముట్టుకుంటాడు, కరివేపాకు ఆకుల వెనుక సీతాకోకచిలుక పెట్టిన గుడ్డును ఏదో ఒక రోజు చూస్తాడు. ఆ గుడ్డులోంచి వచ్చి, పక్షి రెట్టలా నల్లగా, తెల్లగా కనిపించే పురుగు కొద్ది రోజుల్లో ఆకుపచ్చగా మారి కొమ్మలన్నీ మోడు చేస్తుంది. పులుసులోకి నాలుగు రెబ్బలు దొరకకపోయినా ఆ వారం దానికే వదిలేయమని నా మనవి. చెట్టు మళ్లీ చిగురిస్తుంది.

ఇంట్లో కూర్చుంటే నష్టం మాకే కదా, ప్రకృతికి ఏమిటి?

మన గదుల వెలుగు కిటికీ దాటి పోతుంది. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, పురుణబంధ, గోఖరకుద, పొదంపేట గ్రామాల ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంపులు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. కొన్ని సంవత్సరాల్లో వాటి సంఖ్య లక్షల్లో ఉంటుంది, కొన్ని సంవత్సరాల్లో సామూహికంగా రానే రావు. ఒక్కొక్క తాబేలు వెనుక కాళ్లతో కుండ ఆకారంలో గుంట తవ్వి, వంద వరకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తన ఒంటి బరువుతో దానిని అణచి, వెనక్కి చూడకుండా సముద్రంలోకి పోతుంది. సుమారు ఒకటిన్నర నెలల తరువాత పిల్లలు రాత్రి వేళ పైకి వస్తాయి. ఎటు పోవాలో వాటికి చెప్పేది వెలుగే. చీకటి రాత్రిలో నేలకన్నా సముద్రం వైపు ఆకాశమే తేటగా ఉంటుంది కాబట్టి లక్షల ఏళ్లుగా ఆ లెక్క తప్పలేదు. ఇప్పుడు నేల వైపు వీధిదీపాలు, రహదారి, కర్మాగారాల వెలుగు ఎక్కువైపోయి, అరచేతిలో సగం కూడా ఉండని పిల్లలు ఊరివైపు పాకి, తెల్లవారాక కాకులకు, కుక్కలకు చిక్కుతాయి. ఆ రోజుల్లో తీర గ్రామాల యువకులు వలలు అడ్డుపెట్టి, దారి తప్పిన వాటిని బుట్టల్లో ఏరి నీటి అంచున వదులుతారు.

అలాంటి తీరానికి వెళ్లేవారు టార్చి, ఫోను లైటు, ఫ్లాష్ వాడకూడదు. అటవీశాఖ కట్టిన కంచె దాటకూడదు. పట్నంలో ఉన్నవారు కూడా డాబా మీద రాత్రంతా వెలిగే ఫ్లడ్‌లైటును కిందికి తిప్పి, అవసరం తీరాక ఆర్పితే కరెంటు బిల్లు తగ్గడమే కాక, కృత్తికల గుంపును, మన పెద్దల పిల్లలకోడిని, పిల్లలకు తమ డాబా మీద నుంచే చూపించవచ్చు.

పండుగలైనా మమ్మల్ని బయటికి తీసుకువస్తున్నాయా?

కొన్ని ఇంకా తెస్తున్నాయి. కార్తికంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు, కార్తిక పున్నమి తెల్లవారుజామున ఒడియా పొరుగువారితో కలిసి చెరువులో చిన్న పడవలు వదలడం, జూన్ నడుమ రజ పండుగకు చెట్లకు ఉయ్యాలలు కట్టడం ఈ జిల్లాల తెలుగువారికి రెండు సంప్రదాయాల నుంచీ దక్కిన అదృష్టం. ఇటీవల వనభోజనాలు కల్యాణమండపాల్లో జరుగుతున్నాయి, ఉసిరికొమ్మను కుండీలో గుచ్చి దాని ముందు బఫే పెడుతున్నారు. పేరు మార్చుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

పిల్లలకు ప్రకృతి మీద ఆసక్తి కలగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంటికి వంద అడుగుల్లో ఉన్న దానితో మొదలుపెట్టాలి. తొలకరి పడిన మర్నాడు పార్కులోనో, బడి మైదానం అంచునో తడిసిన మట్టి మీద మఖమల్ గుడ్డ ముక్కలా ఎర్రగా కదిలే ఆరుద్ర పురుగును చూపించండి. పాత తరంలో దానిని అగ్గిపెట్టెలో గడ్డిపరకలు వేసి దాచుకోని పిల్లలు లేరు. ఇప్పుడు అరచేతిలో పెట్టుకుని, కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు నటించడం చూసి, మళ్లీ అక్కడే వదిలితే చాలు. ఎనిమిది కాళ్లు లెక్కపెట్టిన పిల్లవాడికి అది సాలెపురుగు బంధువని వేరే చెప్పనక్కరలేదు. ఏడాదిలో అది పైకి కనిపించేది కొద్ది రోజులే, మరి ఆ రోజుల్లో పిల్లవాడు బయట ఉండాలి.

వానాకాలంలో ఛత్రపురం, రంగేయిలుండ వైపు వెళితే పొలం గట్ల మీద మొగలి పొదలు పూసి ఉంటాయి. గంజాం మొగలి అత్తరుకు దేశమంతటా పేరుంది. వాసనకు పనికివచ్చేది మగ చెట్టు పువ్వే. పొద్దున్నే కోసి, వాడకముందే బట్టీకి చేర్చి రాగి పాత్రల్లో వండుతారు. ఆకుల అంచుల ముళ్లకు చేతులు గీరుకుపోకుండా పువ్వు ఎలా తీస్తారో కోసేవారి దగ్గర నిలబడి చూడడం పిల్లలకు పాఠ్యపుస్తకంలో దొరకదు. పొదల్లోకి మాత్రం కోసేవారినే వెళ్లనివ్వాలి, పాముల గురించి వారికి తెలుసు.

నడవలేని పెద్దవారు నాలుగో అంతస్తులో ఉంటే?

అమ్మమ్మను, తాతయ్యను రోజుకు ఒకసారి కిందికి దింపలేకపోతే, కనీసం కుర్చీని గదిలోంచి బాల్కనీకి మార్చాలి. టీవీ కూడా అటు తిప్పితే వారు అభ్యంతరం చెప్పరు. లిఫ్టు ఉన్న చోట సాయంత్రం అరగంట గేటు దగ్గర కుర్చీ వేయడం వల్ల ఎండ, గాలి మాత్రమే కాదు, మాట్లాడడానికి మనుషులు కూడా దొరుకుతారు.

తుపానులో చెట్లు ఇళ్ల మీద పడతాయి. మా సంఘం గేటు దగ్గరి వేపచెట్టును కొట్టించాలంటోంది. ఏం చెప్పాలి?

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలితో తీరం దాటినప్పుడు బరంపురం వీధులన్నీ కూలిన చెట్లతో నిండిపోయాయి. 2018లో తిత్లీ గజపతి జిల్లాను అలాగే దెబ్బతీసింది. కనుక ఆ భయాన్ని తీసిపారేయకూడదు. అయితే ముందు చెట్టు మొదలు చూడమని సంఘాన్ని అడగండి. మొదలు దాకా సిమెంటు పోసి ఉన్నా, మురుగుకాలువ కోసం ఒకవైపు వేర్లు నరికి ఉన్నా, కాండంలో తొర్ర పడినా ప్రమాదం నిజమే. వీటిలో ఏదీ లేని ఆరోగ్యవంతమైన వేపకు, తుపానుల కాలం మొదలయ్యే లోపు, అంటే సెప్టెంబరు లోపల, పైకొమ్మలను తెలిసిన మనిషితో పలచన చేయిస్తే గాలి దాని గుండా పోతుంది. మొదలు చుట్టూ ఒక మీటరు సిమెంటు తవ్వించి మట్టి వదలాలి. కొత్తగా నాటేటప్పుడు మాత్రం ఇంటి గోడకు ఆనించి ములగను పెట్టకండి, దాని కొమ్మలు చాలా పెళుసు. కొబ్బరి గాలికి వంగి నిలబడుతుంది గానీ కాయలు, మట్టలు రాలుతాయి, బండ్లు నిలిపే చోట అది పనికిరాదు. కానుగ, వేప, పొగడ వంటివి గోడకు కనీసం నాలుగైదు మీటర్ల దూరంలో, కరెంటు తీగల కింద కాకుండా నాటించాలి. బతికి ఉన్న చెట్టును కొట్టించడానికి అనుమతి అవసరమవుతుంది కాబట్టి, సంఘం తీర్మానం కన్నా ముందు స్థానిక అటవీశాఖ కార్యాలయంలోను, పురపాలక కార్యాలయంలోను అడగమని చెప్పండి.